ఫీమరల్ నెర్వ్ షీత్‌లో ఎందుకు లేదు?

ప్రశ్న (ఫస్టియర్ ఎంబీబీఎస్, గుంటూరు):
రేపు తొడ ముందుభాగం మీద వైవా ఉందన్నా. నెర్వ్, ఆర్టరీ, వెయిన్ మూడూ పక్కపక్కనే దిగుతాయి కదా, ఫీమరల్ షీత్‌లో (తొడ పైభాగాన నాళాల చుట్టూ ఉండే తొడుగు) నెర్వ్ మాత్రం ఎందుకు లేదు? బట్టీ పట్టాను గానీ బుర్రకెక్కలేదు. మిడ్ ఇంగ్వైనల్ పాయింటూ, ఇంగ్వైనల్ లిగమెంట్ (గజ్జల్లో ఉండే పట్టీ) మిడ్‌పాయింటూ ఒకటేనా?

జవాబు (సర్జరీ పీజీ, విజయవాడ):
తొడ దగ్గర మొదలుపెడితే అర్థం కాదమ్మా, పొట్టలోంచి కిందికి దిగుతూ చూడు. ఇలియాకస్, సోయాస్ కండరాల మీద ఫాసియా ఇలియాకా అనే పొర దుప్పటిలా కప్పి ఉంటుంది. రక్తనాళాలు ఆ దుప్పటి పైనుంచి వస్తాయి. ఫీమరల్ నెర్వ్ (నడుము దగ్గరి వెన్ను నెర్వ్‌లు ఎల్ 2, 3, 4 నుంచి వచ్చేది) దుప్పటి కింద, రెండు కండరాల నడుమ గాడిలో వస్తుంది. లిగమెంట్ దాటాక నాళాల ముందు ఫాసియా ట్రాన్స్‌వర్సాలిస్ (పొట్ట గోడ లోపలి పొర), వెనక ఫాసియా ఇలియాకా 3, 4 సెంటీమీటర్ల దాకా వాటి వెంట వస్తాయి. షీత్ అంటే అదే. నెర్వ్ మొదటినుంచీ దుప్పటి కిందే ఉంది, ఇక షీత్‌లోకి ఎలా వస్తుంది?

షీత్‌లోనే వెయిన్‌కి లోపలివైపున ఉండే సందు ఫీమరల్ కెనాల్. అందులో కొవ్వు, లింఫ్ నాళాలు, ఒక లింఫ్ నోడ్ (గ్రంథి) ఉంటాయి. కాలి రక్తం ఎక్కువై వెయిన్ ఉబ్బినప్పుడు ఆ చోటు కావాలి. ఫీమరల్ హెర్నియా (పొట్టలోది తొడలోకి జారడం) దిగేదీ ఆ సందులోంచే, అడిగితే తప్పకుండా చెప్పు.

పాయింట్లు రెండూ వేరు. నడుము ముందు చేతికి తగిలే ఎముక మొన నుంచి ప్యూబిక్ సింఫిసిస్‌కి (ముందు నడిమధ్యన రెండు కటి ఎముకలు కలిసే చోటు) సగం దూరం మిడ్ ఇంగ్వైనల్ పాయింట్, ఆర్టరీ అక్కడ. అదే మొన నుంచి ప్యూబిక్ ట్యూబర్‌కిల్‌కి (ఆ కలిసే చోటుకి కాస్త పక్కన ఉండే ఎముక బుడిపె) సగం దూరం లిగమెంట్ మిడ్‌పాయింట్, కాస్త బయటికి. వెల్లకిలా పడుకుని మిడ్ ఇంగ్వైనల్ పాయింట్ మీద రెండు వేళ్లు గట్టిగా ఆనించు, పల్స్ తగులుతుంది.

ఇంకో జవాబు (స్టాఫ్ నర్స్, గుంటూరు):
తల్లీ, వార్డుకొచ్చాక ‘నరం’ అన్న మాటతో జాగ్రత్త. ‘నరం దొరకట్లేదు’ అని మేమంటే వెయిన్. ‘నరం లాగుతోంది’ అని పేషెంటంటే ఏదైనా కావచ్చు. వేలితో చూపించమను. ఆ మధ్య ఒకాయన తొడ బయటివైపు అరచేయి అంతమేర రుద్ది, ‘పంచె తగిలినా మంటమ్మా’ అన్నాడు. కాలి బలం మామూలుగానే ఉంది. అది తొడ బయటివైపు చర్మానికి వెళ్లే లేటరల్ క్యుటేనియస్ నెర్వ్. ఎముక మొన పక్కనే లిగమెంట్ కింద నొక్కుకుపోతుంది. దానికి స్పర్శ తప్ప కండరాల పని లేదు.

ప్రశ్న అడిగినామె:
పల్స్ దొరికిందన్నా! కొంచెం లోపలికి జరిపితే వెయిన్ మీద ఉన్నట్టేనా?

జవాబు (సర్జరీ పీజీ):
అవునమ్మా. వేలు బయటికి జరిపితే నెర్వ్.