ర్యాబ్5 ఎప్పుడూ ఆన్‌లో ఉంటే ఎండోసోమ్స్ ఎందుకు ఉబ్బుతాయి?

యెలహంక_పీజీ:
హాయ్ అండి, మాది నంద్యాల, బెంగళూరులో పీహెచ్‌డీ ఫస్టియర్. క్లాసులో ర్యాబ్ ప్రోటీన్ అంటే బీఎంటీసీ బస్సు బోర్డు లాంటిది, వెసికిల్ (సెల్‌లో సరుకు మోసే చిన్న సంచి) ఎక్కడికెళ్లాలో అదే చెప్తుంది అన్నారు, సరే అనుకున్నా. ఇప్పుడు హీలా సెల్స్‌లో (ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలు) ర్యాబ్5 క్యూ79ఎల్ (ఎప్పుడూ ఆన్‌లో ఉండే మ్యూటెంట్) వేస్తే ఎండోసోమ్స్, అంటే బయటి నుంచి లోపలికొచ్చిన సరుకు చేరే సంచులు, ఇంతింత రింగుల్లా ఉబ్బిపోయాయి. ఎప్పుడూ ఆన్‌లో ఉంటే సరుకు ఇంకా తొందరగా పోవాలి కదా, ఈ ఉబ్బుడేంటి? ఇంకోటి, మనలో 60కి పైగా ర్యాబ్‌లు ఉన్నాయంటారు, ఏది ఎక్కడ అతుక్కోవాలో ఎవరు చూస్తారు?

ఈస్ట్_అన్న:
తమ్ముడూ, బోర్డు అనుకోవడం దగ్గరే తేడా కొట్టింది. ర్యాబ్ స్విచ్. జీటీపీ అనే చిన్న అణువుని పట్టుకుంటే ఆన్, దాన్ని కోస్తే మిగిలే జీడీపీ ఉంటే ఆఫ్. ఆన్ చేసే ప్రోటీన్ జీఈఎఫ్, ఆఫ్ చేయించేది గ్యాప్, ఆఫ్ అయినదాన్ని మెంబ్రేన్ మీంచి పీకి సైటోసాల్‌లో పెట్టుకునేది జీడీఐ. ఆన్‌లో ఉన్న ర్యాబ్5 ఈఈఏ1 లాంటి టెథర్లని (తాళ్లలా పట్టుకునే ప్రోటీన్లు) పిలుస్తుంది, అవి పక్క ఎండోసోమ్‌ని దగ్గరికి లాగుతాయి, ఆ తర్వాత రెండు పొరల్నీ కలిపేది స్నేర్‌లు అనే ప్రోటీన్లు. క్యూ79ఎల్‌కి జీటీపీని కోయడం సరిగ్గా రాదు, కాబట్టి ఆఫ్ అవ్వదు, కలిసిందే మళ్లీ ఇంకోదానితో కలుస్తూ పోతుంది, అవే నీ రింగులు.

ఎవరు చూస్తారంటే ఎక్కువగా జీఈఎఫ్‌లే. 2013లో ర్యాబ్5కి జీఈఎఫ్ అయిన ర్యాబెక్స్5ని తీసుకెళ్లి మైటోకాండ్రియా మీద కట్టేస్తే ర్యాబ్5 కూడా వెనకాలే అక్కడికి పోయింది, సంబంధమే లేని చోటికి!

యెలహంక_పీజీ:
అన్నా సూపర్. మరి ఆ జీఈఎఫ్‌ని అక్కడ ఎవరు పెడతారు? ఇలా అడుగుతూ పోతే అంతుండదేమో 😅

హెబ్బాల్_అక్క:
అంతుండదు, ఎందుకంటే అది గుండ్రంగా తిరుగుతుంది. ర్యాబ్5 ఆన్ అయితే ర్యాబాప్టిన్5 అనే ప్రోటీన్ వస్తుంది, అది ర్యాబెక్స్5ని పట్టుకునే ఉంటుంది, అది ఇంకొన్ని ర్యాబ్5లని ఆన్ చేస్తుంది, అలా ఒకే చోట పోగవుతాయి. పైగా ర్యాబ్5 వీపీఎస్34 అనే ఎంజైమ్‌ని పిలిచి పీఐ3పీ లిపిడ్ చేయిస్తుంది. ఆ లిపిడ్‌నీ ర్యాబ్5నీ చూసి మోన్1-సీసీజెడ్1 వస్తుంది, అది ర్యాబ్7కి (తర్వాతి దశ ఎండోసోమ్‌ల ర్యాబ్) జీఈఎఫ్. అంటే ర్యాబ్5 తన తర్వాత వచ్చేవాణ్ణి తనే పిలుచుకుని దిగిపోతుంది, 2005లో లైవ్ ఇమేజింగ్‌లో ఒకే ఎండోసోమ్ మీద 5 తగ్గి 7 పెరగడం చూపించారు. ఈ దిగిపోవడమే క్యూ79ఎల్‌కి చేతకాదు. నన్నడిగితే ఆన్ కన్నా ఆఫే ముఖ్యం, క్లాసుల్లో అదే ఎగరగొట్టేస్తారు.

అన్నట్టు సెల్ లోపలికొచ్చేవన్నీ క్లాత్రిన్ (పొరని లోపలికి వంచి సంచి చేసే ప్రోటీన్) దారిలోనే రావు, మన జీకేవీకే క్యాంపస్ ఎన్‌సీబీఎస్‌లోనే సత్యజిత్ మేయర్ వాళ్లు జీపీఐ యాంకర్ ప్రోటీన్లు (కొవ్వు లంగరుతో సెల్ బయటి పొరకి అంటుకునేవి) సీడీసీ42 అనే ఇంకో స్విచ్ ప్రోటీన్ మీద నడిచే వేరే దారిలో వస్తాయని 2002లో చూపించారు, చదువు.

పిల్లల_వార్డు:
నేను క్లినికల్ వైపు. ర్యాబ్27ఏ అనే ఇంకో ర్యాబ్ పోతే వచ్చే జబ్బు గ్రిసెల్లి సిండ్రోమ్ టైప్ 2, బిడ్డ జుట్టు వెండి రంగులో ఉంటుంది. మెలనోసోమ్‌లు (రంగు సంచులు) వాటిని లాగే మయోసిన్‌ని పట్టుకోలేవు, టీ సెల్స్ తమ విషపు గ్రాన్యూల్స్ బయటికి వదల్లేవు. జుట్టు చూసి అనుమానించాలి, అసలు ప్రమాదం ఇమ్యూనిటీది.

ఈస్ట్_అన్న:
@యెలహంక_పీజీ పోలిక కోసం ఎస్34ఎన్ (ఎప్పుడూ ఆఫ్‌లో ఉండే మ్యూటెంట్) కూడా వేసి చూడు, మామూలు ర్యాబ్5 కూడా. ఎక్స్‌ప్రెషన్ మరీ ఎక్కువున్న సెల్స్‌ని లెక్కలోకి తీసుకోకు, మామూలు ర్యాబ్5 అయినా అతిగా వేస్తే కొంచెం ఉబ్బుతుంది.