గుమ్మడి నర్సయ్య సైకిలు గొప్పదా, పోడు కొట్లాట గొప్పదా?

ఇల్లెందోడు:
ఎమ్మెల్యేగా ఉన్నా సైకిలు మీదే తిరిగిన గుమ్మడి నర్సయ్యది మళ్లీ అదే ఫొటో తిరుగుతోంది. సైకిలు, భుజాన తువ్వాల, కింద "ఇలాంటి నాయకుడు ఇంక పుట్టడు" అని. తెలంగాణలోని ఇల్లెందు నుంచి 1983, 85, 89, 99, 2004లో అసెంబ్లీకి గెలిచిన ఎర్రజెండా మనిషి. బొగ్గు కంపెనీకి పేరిచ్చిన సింగరేణి మండలంలోనే ఆయన ఊరు, టేకులగూడెం. కోయ రైతు. ఎమ్మెల్యేగిరీ పోయాక మళ్లీ పొలం పనికే పోయాడు. ఇదంతా నిజమే. కానీ ఐదుసార్లు గెలిచినోణ్ణి రెండు చక్రాలకు కట్టేసి దండం పెట్టడం గౌరవమేనా?

లెక్కలమాస్టారు:
దండం పెట్టకండి, లెక్క చెప్పండి. ఆయన ఒక్కరోజన్నా అధికార పక్షంలో ఉన్నాడా? వాగు మీద వంతెన కావాలంటే మంత్రి దగ్గర ఫైలు కదలాలి. మంచితనంతో ఫైలు కదలదు తమ్మీ. 2009లో ఓడించింది కూడా ఆ సైకిలును మెచ్చుకున్న జనమే.

ఇల్లెందోడు:
94లోనూ ఓడించారు, 99లో మళ్లీ తెచ్చుకున్నారు. ఓటమే కొలతైతే ఆ గెలుపును ఏ ఖాతాలో రాస్తారు మాస్టారూ?

పోడోళ్ల పిల్ల:
మీ ఇద్దరికీ ఒకటి చెప్తా. మాది రెండెకరాల పోడు, అంటే అడవి నరికి చేసుకునే సేద్యం. నా చిన్నప్పుడు, జొన్న మోకాలెత్తు ఉన్నప్పుడు, చేలో నుంచే మా ఎడ్లను తోలుకుపోయారు. ఎవరన్నది ఇక్కడొద్దు. అమ్మ పలుపుతాళ్లు పట్టుకుని గట్టు మీద కూర్చుంది, పొద్దుగూకినా లేవలేదు. మూడోనాడు ఎర్రజెండా సంఘపోళ్లు పోయి కూర్చున్నాకే ఎడ్లు ఇల్లు చేరాయి. ఆ జెండాకు అసెంబ్లీలో ఒక గొంతుంటే గూడేనికి ఎంత ధైర్యమో పట్నంలో లైకులు కొట్టేవాళ్లకు తెలీదు. బీడీలు చుట్టే తునికాకు ఏరి అమ్ముతాం, కట్టకు యాభై ఆకులు. ఆ కట్టకు పావలా పెంచమన్నా కొట్లాటే.

లెక్కలమాస్టారు:
అమ్మా, మీ బాధ కాదనను. కానీ పోడుకు హక్కిచ్చింది 2006 నాటి అటవీ హక్కుల చట్టం. అది ఢిల్లీలో అయింది, ఇల్లెందులో కాదు.

పోడోళ్ల పిల్ల:
ఆ చట్టంలో షరతేంటి సార్? 2005 డిసెంబరు 13 నాటికి భూమి సాగులో ఉండాలి. మేం గిరిజనులం, మాకదే లెక్క. ఆ తేదీ దాకా మా నాయన చేను వదలకుండా ఉండబట్టే కదా దరఖాస్తు పెట్టుకోగలిగాడు. అంతకుముందే బెదిరి దిగిపోయినోళ్లు ఏం చూపించి అడగాలి? చట్టం ఢిల్లీదే, చేలో నిలబెట్టిన బలం ఇక్కడిది.

లెక్కలమాస్టారు:
ఈ మాట ఒప్పుకుంటున్నా. వంతెన సంగతి మాత్రం ఒప్పుకోను.

ఇల్లెందోడు:
వంతెన మీద వేరే చర్చ తీయండి మాస్టారూ, అక్కడ మీ వైపే మాట్లాడతా. ఆ సైకిలు ఫొటో మాత్రం ఇక్కడ పెట్టకండి.