కొత్త ల్యాప్‌టాప్‌లో ఫ్లట్టర్ యాప్ బిల్డ్ అవ్వట్లేదు, పాతదాంట్లో బాగానే ఉండేది

గోదారిగట్టు:
అన్నలూ అక్కలూ, కాస్త చూడండి. కొత్త విండోస్ ల్యాప్‌టాప్ కొన్నా. ఫ్లట్టర్ (గూగుల్ వాళ్ల యాప్ తయారీ టూల్‌కిట్) ప్రాజెక్ట్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదున్నట్టు తెచ్చి, ఆండ్రాయిడ్ స్టూడియో కొత్తది వేశా. రన్ కొడితే ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65’ అంటోంది. కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. సోమవారం క్లయింట్‌కి డెమో ఉంది, ఒకటే టెన్షన్.

పాతకాపు:
65 అంటే జావా 21. ఆండ్రాయిడ్ స్టూడియో లేడీబగ్ నుంచి జావా 21 తోడుగా వస్తోంది. మీ ప్రాజెక్ట్‌లో గ్రేడిల్ (కోడ్‌ని యాప్‌గా బిల్డ్ చేసే టూల్) పాతదై ఉంటుంది, 8.5 కంటే కింద ఉన్నవి జావా 21 మీద నడవవు. గ్రేడిల్ పెంచొచ్చు. లేదా జావా 17 విడిగా వేసి, ‘ఫ్లట్టర్ కాన్ఫిగ్’ కమాండ్‌తో జేడీకే (జావా కిట్) ఫోల్డర్ అదేనని చెప్పొచ్చు. డెమో దగ్గర్లో ఉంది కాబట్టి రెండోదే చేయండి. గ్రేడిల్ ముట్టుకుంటే ఆండ్రాయిడ్ ప్లగిన్, దాని వెనక కోట్లిన్... తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఆ పని డెమో అయ్యాక పెట్టుకోండి.

అమ్ములు_డెవ్:
ఫోల్డర్ మొత్తం తెచ్చారంటే ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోని ‘లోకల్ డాట్ ప్రాపర్టీస్’ కూడా వచ్చే ఉంటుంది. అందులో ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ టూల్స్ కిట్) పాత్ పాత ల్యాప్‌టాప్‌ది. ఆ ఫైల్ తీసేయండి, ఫ్లట్టర్ మళ్లీ తనే రాసుకుంటుంది. తర్వాత ‘ఫ్లట్టర్ క్లీన్’తో పాత బిల్డ్ తుడిచి, ‘పబ్ గెట్’తో లైబ్రరీలు మళ్లీ తెచ్చుకోండి.

గోదారిగట్టు:
జావా 17తో ఆ ఎర్రర్ పోయింది అన్నా! ఇప్పుడు లైసెన్సులు ఒప్పుకోలేదంటోంది. ‘ఫ్లట్టర్ డాక్టర్’ (సెటప్ సరిచూసే కమాండ్) కొడితే కమాండ్‌లైన్ టూల్స్ లేవంటోంది.

పాతకాపు:
ఎస్‌డీకే మేనేజర్‌లో ఎస్‌డీకే టూల్స్ ట్యాబ్‌కి వెళ్లి కమాండ్‌లైన్ టూల్స్‌కి టిక్ పెట్టండి. తర్వాత డాక్టర్ కమాండ్‌కి ఆండ్రాయిడ్ లైసెన్సెస్ ఆప్షన్ తగిలించి, అడిగినప్పుడల్లా ‘వై’ కొట్టుకుంటూ పోండి.

బెజవాడ_బిట్స్:
‘పాతదాంట్లో బాగానే ఉండేది’ అన్న మాట దగ్గర ఒకటి చెప్పాలి. మా ఆఫీసులో ఒక పాత జావా యాప్ ఒకే ఒక్క సిస్టమ్‌లో బిల్డ్ అయ్యేది. కొత్త మనిషికి కొత్త ల్యాప్‌టాప్ ఇస్తే ఒక లైబ్రరీ దొరకదంటుంది. అది జేసెంటర్‌లో (జావా లైబ్రరీలు దొరికే ఆన్‌లైన్ గోదాం) ఉండే లైబ్రరీ. జేసెంటర్ 2021లోనే కొత్తవి తీసుకోవడం ఆపేసింది. 2024 ఆగస్టు నుంచి అక్కడికి వెళ్లే రిక్వెస్టులన్నీ మావెన్ సెంట్రల్ అనే ఇంకో గోదాంకి మళ్లుతున్నాయి. అక్కడ లేని లైబ్రరీ ఇక రాదు. పాత సిస్టమ్‌లో గ్రేడిల్ క్యాష్‌లో (ముందే దించుకున్నవి దాచే ఫోల్డర్) దాని కాపీ పడి ఉంది కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. అంటే ప్రాజెక్ట్ ఎప్పుడో పాడైంది, బయటపడింది ఇప్పుడు. అందుకే నేను పాత సిస్టమ్ వదిలేముందు క్యాష్ పేరు మార్చి ఒకసారి బిల్డ్ చేసి చూస్తా. డేటా కాస్త ఖర్చవుతుంది, అవ్వనీండి.

డల్లాస్_తెలుగోడు:
మ్యాక్ వాళ్లకి ఒక మాట. ఇంటెల్ మ్యాక్ నుంచి ఎం సిరీస్‌కి మైగ్రేషన్ అసిస్టెంట్‌తో మారితే ఇంటెల్ హోంబ్రూ (మ్యాక్‌లో టూల్స్ వేసే ప్రోగ్రామ్) కూడా వెంట వస్తుంది, పాడ్ ఇన్‌స్టాల్ (ఐఫోన్ యాప్ లైబ్రరీలు దించే కమాండ్) దగ్గర ఎఫ్ఎఫ్ఐ అనే లైబ్రరీతో గొడవ మొదలవుతుంది. హోంబ్రూ కొత్తగా వేసి, ఆ పాడ్ కమాండ్ ఇచ్చే కోకోపాడ్స్ దాంతోనే పెట్టుకోండి.

గోదారిగట్టు:
బిల్డ్ అయింది!! యాప్ తెరుచుకుంది. కానీ గూగుల్ లాగిన్ నొక్కితే ఎర్రర్ 10.

అమ్ములు_డెవ్:
అది కూడా సిస్టమ్ మారినందుకే. డీబగ్ కీస్టోర్ (టెస్ట్ బిల్డ్‌కి సంతకం పెట్టే కీ ఫైల్) ఏ కంప్యూటర్‌కి ఆ కంప్యూటర్‌లో తయారవుతుంది, దాంతో షా-1 (ఆ కీ వేలిముద్ర లాంటి కోడ్) మారిపోతుంది. కొత్త షా-1 ఫైర్‌బేస్ కన్సోల్‌లో చేర్చండి. పాతది తీసేయక్కర్లేదు. అన్నట్టు, ప్లే స్టోర్‌లో పెట్టే యాప్‌కి సంతకం చేసే రిలీజ్ కీ ఎక్కడుంది?

గోదారిగట్టు:
ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో కనపడట్లేదు. పాత ల్యాప్‌టాప్ డాక్యుమెంట్స్‌లో ఉండాలి. అది తమ్ముడికి ఇచ్చా, ఫార్మాట్ చేసుకుంటానన్నాడు.

పాతకాపు:
ఇక్కడ టైప్ చేయడం ఆపి ముందు వాడికి ఫోన్ కొట్టండి! ప్లే యాప్ సైనింగ్‌లో (అసలు కీ గూగుల్ దగ్గరే ఉండే ఏర్పాటు) ఉంటే అప్‌లోడ్ కీ రీసెట్ అడగొచ్చు, అది ఒక ప్రహసనం. అందులో లేకపోతే ఆ యాప్‌కి ఇక అప్‌డేట్ ఇవ్వలేరు.

గోదారిగట్టు:
ఇంకా చేయలేదట, బతికిపోయా. ఫైల్ వాట్సాప్‌లో పంపుతానంటున్నాడు, పర్లేదా?

అమ్ములు_డెవ్:
వద్దు. పాస్‌వర్డ్ పెట్టి జిప్ చేసి మీ డ్రైవ్‌లో వేయమనండి, పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పమనండి. ‘కీ డాట్ ప్రాపర్టీస్’ కూడా వెతకమనండి, అలియాస్ (కీకి పెట్టిన పేరు), పాస్‌వర్డులు అందులోనే ఉంటాయి.