చైనీస్ రెస్టారెంట్‌లో తొమ్మిది మందికి విందు: శాకాహారి అత్తగారు, వేరుశనగ పడని పిల్లవాడు ఉన్నప్పుడు ఏమేం ఆర్డర్ ఇవ్వాలి?

ప్రశ్న

వచ్చే శనివారం మా మామగారి డెబ్బయ్యవ పుట్టినరోజు. ఆ సాయంత్రం తొమ్మిది మందిమి కలిసి నగరంలోని ఒక చైనీస్ రెస్టారెంట్‌కు వెళ్లాలనుకుంటున్నాం. మామగారు ఉద్యోగంలో ఉండగా రెండుసార్లు పని మీద షాంఘై వెళ్లి వచ్చారు. అప్పటి నుంచి ఆ వంటలంటే ఆయనకు చాలా ఇష్టం. అయితే మా అత్తగారు పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినరు. మా ఆడపడుచు కొడుక్కి ఎనిమిదేళ్లు, వాడికి వేరుశనగ బొత్తిగా పడదు. ఒకసారి పెదవులు, గొంతు వాచిపోయి ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చింది.

రెండేళ్ల క్రితం ఇలాగే ఒకచోటికి వెళ్లినప్పుడు ఎవరికి కావలసింది వాళ్లం విడివిడిగా చెప్పుకున్నాం. ఒకరి వంటకం వచ్చి చల్లారిపోతున్నా ఇంకొకరిది రాలేదు. అత్తగారి కోసం తెప్పించిన కూరలో చిన్న మాంసపు తునకలు కనిపించాయి. ఆమె ఆ ప్లేటును మెల్లగా పక్కకు జరిపి, "నాకు ఆకలి లేదులేమ్మా, మీరు తినండి" అని, కాస్త తెల్లన్నంతో సరిపెట్టుకున్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఈసారి అలా జరగకూడదు. ఎన్ని వంటకాలు చెప్పాలి, వంటవాళ్లను ముందుగా ఏమేం అడగాలి, అన్నది తెలిసినవారు దయచేసి చెప్పండి. అజినమోటో ఒంటికి మంచిది కాదని మా మరిది అంటున్నాడు, దాని సంగతి కూడా తెలిస్తే చెప్పగలరు.

మొదటి సమాధానం

నేను నాలుగేళ్లు గ్వాంగ్‌జౌలో పనిచేశాను కాబట్టి నేను చూసినంత వరకు చెబుతాను. మీకు అప్పుడు ఎదురైన ఇబ్బందిలో సగం విడివిడిగా ఆర్డర్ ఇవ్వడం వల్ల వచ్చిందే. చైనా వంటగదిలో వేపుళ్లను వోక్ అనే గుండ్రటి బాణలిలో, చాలా పెద్ద మంట మీద, ఒక్కొక్క వంటకాన్ని విడిగా, రెండు మూడు నిమిషాల్లో వండి వెంటనే బల్ల మీదకు పంపిస్తారు. ఆ మంట వల్ల వచ్చే ప్రత్యేకమైన కమ్మదనాన్ని దక్షిణ చైనాలోని కాంటన్ ప్రాంతంవారు 'వోక్ హెయ్', అంటే వోక్ ఊపిరి, అంటారు. వంటకం పది నిమిషాలు ఆగితే అది పోతుంది. అందువల్ల తొమ్మిది వంటకాలు ఒకేసారి రావడం అక్కడ జరిగే పని కాదు. వచ్చిన ప్రతి వంటకమూ అందరిదీ అనుకుంటే ఎవరూ ఎవరి కోసమూ ఎదురు చూడనక్కర్లేదు.

కాబట్టి తిరిగే పళ్లెం ఉన్న గుండ్రటి బల్ల కావాలని ముందే ఫోన్ చేసి చెప్పండి. తొమ్మిది మందికి ఏడెనిమిది వంటకాలు, ఒక సూప్, అన్నం సరిపోతాయి. వాటిలో ఒకే వస్తువు రెండుసార్లు రాకుండా, ఒకే పద్ధతిలో వండినవి వరుసగా లేకుండా చూసుకోవాలి: ఒకటి ఆవిరి మీద ఉడికించినది, ఒకటి వేపుడు, ఒకటి నెమ్మది మంట మీద సాస్‌లో మగ్గినది, ఒకటి చల్లగా వడ్డించేది. అన్నీ నూనెలో వేయించినవే చెబితే మూడో వంటకానికే నోరు మొద్దుబారుతుంది. పెకింగ్ డక్ తెప్పించాలనుకుంటే ముందు రోజే చెప్పండి. తోలు కరకరలాడాలంటే కాల్చే ముందు బాతును చాలాసేపు ఆరబెట్టాలి, అందుకే చాలాచోట్ల అప్పటికప్పుడు దొరకదు. ఆవిరి మీద ఉడికించిన కుడుముల్లాంటి చిన్న చిన్న వంటకాలైన డిమ్ సమ్ మీద ఆశ పెట్టుకోకండి, అది ప్రధానంగా ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు టీతో తీసుకునేది కాబట్టి సాయంత్రం అన్నిచోట్లా ఉండదు.

పుట్టినరోజు కాబట్టి ఒక్క మాట. చైనాలో పెద్దవారి పుట్టినరోజుకు పొడవైన నూడుల్స్ వండుతారు. ఆ పొడవు దీర్ఘాయుష్షుకు గుర్తు కాబట్టి వాటిని కత్తిరించరు, వీలైనంత వరకు కొరికి తెంపరు. మీ మామగారి కోసం వాటిని తప్పక చెప్పండి. పీచ్ పండు ఆకారంలో చేసే తీపి బన్నులు కూడా ఆ రోజుకే ప్రత్యేకం.

రెండవ సమాధానం

పై సమాధానంలో అన్నీ ఉపయోగపడే మాటలే, కానీ నూడుల్స్ విషయంలో ఒక సవరణ అవసరం. కాంటన్ పద్ధతి రెస్టారెంట్లలో దీర్ఘాయుష్షు నూడుల్స్ అంటే ఎక్కువగా యీ మెయిన్ అనే రకం ఇస్తారు, దాని పిండిలో గుడ్డు కలుస్తుంది. మీ అత్తగారు కూడా తినాలంటే ఉత్తర చైనా పద్ధతిలో చేత్తో లాగి చేసే లామియెన్ అడగండి. అందులో గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, కొద్దిగా క్షారం ఉంటాయి, గుడ్డు ఉండదు. వాటిని మాంసపు రసంలో కాకుండా పుట్టగొడుగుల రసంలో ఇవ్వమనండి.

నేనూ శాకాహారినే. ఇరవై ఏళ్లుగా ఇలాంటి బల్లల దగ్గర కూర్చుంటున్నాను, మీ అత్తగారు అన్న "ఆకలి లేదు" అన్న మాట నేనూ చాలాసార్లు అన్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. "ఇది వెజిటేరియనేనా" అని అడిగితే సరిపోదు. కూరగాయలే ప్రధానంగా ఉన్న వంటకాన్ని వారు నిజాయితీగానే కూరగాయల వంటకం అని చెబుతారు. రుచి కోసం వేసిన చెంచాడు మాంసం వారి లెక్కలో ఆ పేరును మార్చదు. అందువల్ల వస్తువుల పేర్లు చెప్పి అడగాలి: ఆయిస్టర్ సాస్ వేస్తారా, ఎండు రొయ్యలు వేస్తారా, సూప్‌కు ఆధారం కోడి లేదా పంది ఎముకల రసమా, వేయించడానికి పంది కొవ్వు వాడతారా, గుడ్డు తగులుతుందా. ఆయిస్టర్ సాస్ 1888లో గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో పుట్టింది. పేరుకు తగ్గట్టే అది ఆల్చిప్పల రసం నుంచి తయారవుతుంది, నిగనిగలాడే ఆకుకూరల మీద పోసే గోధుమరంగు సాస్ చాలాసార్లు అదే. పుట్టగొడుగులతో చేసిన శాకాహార రకం కూడా దొరుకుతుంది, అది ఉందేమో అడగండి.

పేర్లను నమ్మకూడదు. మాపో టోఫు అంటే టోఫు, అంటే సోయా పాల పనీర్, వంటకమే కదా అనిపిస్తుంది, కానీ చెంగ్డూ నగరంలో పుట్టిన ఆ వంటకంలో ఖీమా తప్పనిసరి భాగం. బీన్స్‌ను ముడతలు పడేదాకా వేయించే సిచువాన్ వేపుడులో కూడా పంది ఖీమా, కొన్నిచోట్ల ఎండు రొయ్యలు ఉంటాయి. మరోవైపు యు షియాంగ్ వంకాయ అనే కూరకు 'చేప పరిమళం' అని అర్థం, అయినా అందులో చేప ఉండదు. సిచువాన్‌లో చేపలకు వాడే మిరప ఊరగాయ, అల్లం, వెల్లుల్లి, వెనిగర్, చక్కెరల మిశ్రమాన్ని వంకాయకు పట్టించడం వల్ల ఆ పేరు వచ్చింది. ఖీమా లేకుండా చేయమంటే అది శాకాహారులకు అద్భుతమైన వంటకం. బంగాళదుంప, వంకాయ, పచ్చి క్యాప్సికమ్ కలిపి చేసే ది సాన్ షియెన్ ఈశాన్య చైనాది, దానినీ పరిశీలించండి. వెల్లుల్లి, వెనిగర్, నువ్వుల నూనెతో చితక్కొట్టిన దోసకాయ చల్లటి వంటకంగా బాగుంటుంది. హాట్ అండ్ సోర్ సూప్ మాత్రం వద్దు, అందులో చాలాసార్లు గుడ్డు ఉంటుంది, రసం కూడా మాంసానిదే కావచ్చు. చైనాలో బౌద్ధ మఠాల శాకాహార వంట చాలా పాతది, 'బుద్ధుని ఆనందం' అనే కూర అక్కడి నుంచే వచ్చింది. టోఫు పొరలు, పుట్టగొడుగులు, గోధుమ గ్లూటెన్ ముక్కలు వేసి, ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండుతారు. అది మెనూలో ఉంటే ఆ వంటగదికి శాకాహారం కొత్త కాదని కాస్త ధైర్యంగా ఉండవచ్చు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు ముందు మీ అత్తగారు తినగలిగిన నాలుగింటిని నిర్ణయించుకుని, ఆ తరువాతే చేప, బాతు లాంటివి చేర్చండి. అందరికీ చెప్పేసి చివర్లో "అత్తయ్యగారికి ఏదైనా" అంటే వచ్చేది ఆ తెల్లన్నమే. ఆ నాలుగు వంటకాల గరిటెలు మిగతావాటిలో పడకుండా చూడమని బల్ల చుట్టూ ఉన్నవారందరికీ ముందే చెప్పండి.

పిల్లవాడి సంగతి వేరు, అది ఇష్టాయిష్టాల విషయం కాదు. కుంగ్ పావ్ వంటకాలలో వేరుశనగ పప్పు కళ్లకు కనిపిస్తుంది. డాన్ డాన్ నూడుల్స్ మీద పొడిగా, కారపు నూనెలలో ముక్కలుగా, కొన్ని వంటగదుల్లో వేయించే నూనెగా కూడా అది ఉంటుంది. ఒకే వోక్‌ను కడిగి కడగకుండా వరుసగా వాడే పని కాబట్టి, అలర్జీ అన్న మాట బుకింగ్ సమయంలో ఒకసారి, కూర్చోగానే మరొకసారి స్పష్టంగా చెప్పండి. శుభ్రమైన వోక్‌లో, వేరే నూనెతో వండగలరో లేదో అడగండి. వాళ్లు తడబడితే వేరే చోటు చూసుకోవడమే మంచిది. డాక్టర్ రాసిచ్చిన ఇంజెక్షన్ ఉంటే అది ఆ సాయంత్రం కారులో కాదు, బల్ల దగ్గర ఉండాలి.

మూడవ సమాధానం

నేను ఆహార శాస్త్రం చదువుకున్నాను, మీ మరిది గారి సందేహానికి మాత్రం జవాబిస్తాను. 1908లో టోక్యోలో కికునాయె ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు రసంలోని రుచికి కారణం గ్లుటమేట్ అని కనుగొన్నారు. మీరు అజినమోటో అంటున్న ఎం.ఎస్.జి. దాని సోడియం లవణం. టమాటాలో, పాతబడిన చీజ్‌లో, సోయా సాస్‌లో గ్లుటమేట్ సహజంగానే ఉంటుంది, శరీరం రెండింటినీ ఒకేలా జీర్ణం చేసుకుంటుంది. భయం 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికకు ఒక వైద్యుడు రాసిన లేఖతో మొదలైంది. చైనీస్ రెస్టారెంట్లలో తిన్న తరువాత మెడ వెనుక తిమ్మిరి, నీరసం కలుగుతున్నాయని రాస్తూ ఆయన సోయా సాస్, వంట మద్యం, ఉప్పు, ఎం.ఎస్.జి. అన్నింటినీ అనుమానించారు, జనం మనసులో చివరిది మాత్రమే మిగిలింది. ఇచ్చేది ఏదో తెలియకుండా చేసిన పరీక్షలలో ఆ లక్షణాలు నిలకడగా కనిపించలేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ప్రకారం, ఆహారం లేకుండా ఒకేసారి 3 గ్రాములు లేదా అంతకు మించి తీసుకున్న కొద్దిమందిలో స్వల్పమైన, త్వరగా తగ్గిపోయే లక్షణాలు రావచ్చు. మామూలు వడ్డనలో కలిపేది అర గ్రాము కంటే తక్కువే. మామగారికి రక్తపోటు ఉంటే జాగ్రత్త పడవలసింది ఉప్పు, సోయా సాస్‌ల గురించి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ఫోన్ చేశాను. మొదటి చోట అలర్జీ గురించి అడిగితే "ఏం పరవాలేదు, రండి" అని తప్ప ఇంకేమీ చెప్పలేదు, అందుకే వద్దనుకున్నాను. రెండో చోట ఫోన్ తీసినావిడ వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చి, వేరుశనగ నూనె వాడమని, కుంగ్ పావ్ వంటకాలకు వేరే వోక్ ఉందని, చేత్తో లాగిన నూడుల్స్ చేస్తామని చెప్పారు. అక్కడే బుక్ చేశాను. ఇంకొక చిన్న సందేహం: మామగారికి తప్ప మాకెవరికీ చాప్‌స్టిక్స్ అలవాటు లేదు, ఫోర్కులు అడిగితే తప్పుగా అనుకుంటారా?

మొదటి సమాధానం ఇచ్చినవారి నుంచి

ఎవరూ ఏమీ అనుకోరు, నిస్సంకోచంగా అడగండి. పిల్లలు చాప్‌స్టిక్స్ పట్టుకుని సరదా పడితే మాత్రం ఒక్కటి చెప్పండి: వాటిని అన్నంలో నిలువుగా గుచ్చి వదలకూడదు. చనిపోయినవారి ముందు వెలిగించి నిలబెట్టే అగరుబత్తులను అది గుర్తుకు తెస్తుంది కాబట్టి, పెద్దవారి పుట్టినరోజున అసలే వద్దు. టీ కెటిల్ ఖాళీ అయితే మూత కొంచెం పక్కకు జరిపి పెట్టండి, కాంటన్ పద్ధతి తెలిసిన చోట అడగకుండానే వచ్చి నీళ్లు నింపుతారు.

ప్రశ్న అడిగినవారి నుంచి, ఆదివారం

నిన్న వెళ్లి వచ్చాం. ఒక్క పొరపాటు జరిగింది: ఖీమా లేకుండా అని చెప్పినా బీన్స్ వేపుడు ఖీమాతోనే వచ్చింది. మీరు రాసింది గుర్తుండబట్టి గరిటె పెట్టకముందే చూశాను, వాళ్లు క్షమాపణ చెప్పి మళ్లీ వండి తెచ్చారు. వంకాయ కూర పేరుకు అర్థమేమిటో అత్తయ్యగారికి ముందే చెప్పాను. ఆమె వెయిటర్‌ను రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాకే తిన్నారు, తరువాత మూడుసార్లు వడ్డించుకున్నారు. బాబుకు ఏ ఇబ్బందీ కలగలేదు.

నూడుల్స్ పెద్ద గిన్నెలో వచ్చాయి, పుట్టగొడుగులు, బాక్ చోయ్ ఆకులతో. మామగారు వాటి కథ చెప్పగానే అత్తయ్యగారు బల్ల మీది పళ్లెం తనవైపు తిప్పుకుని, ఒక్క పోగైనా తెగకుండా మెల్లగా పైకెత్తి మొదట ఆయనకు, ఆ తరువాత మా అందరికీ తానే వడ్డించారు. చివరికి తన గిన్నె కూడా నింపుకుని, ఇంకొక గిన్నె తెప్పించమని నన్ను అడిగారు.