కొత్త మోడల్ వచ్చేదాకా ఆగాలా, ఇప్పుడే ఫోన్ మార్చేయాలా?

ప్రశ్న:
నాది ఐఫోన్ 11. పొద్దున ఫుల్ ఛార్జింగ్‌తో బయటికెళ్తే మధ్యాహ్నానికే అయిపోతోంది, ఒక్కోసారి 30 శాతం చూపిస్తూనే ఠక్కున ఆఫ్ అయిపోతోంది. బ్యాటరీ హెల్త్, అంటే కొత్తప్పటితో పోలిస్తే ఇప్పుడు ఎంత ఛార్జింగ్ పట్టుకోగలదో ఆ లెక్క, 74 శాతానికి పడిపోయింది. మార్చేద్దామని గట్టిగా అనుకునేసరికి కొత్త మోడల్ గురించి రూమర్లు మొదలయ్యాయి, కెమెరా మారుతుందని ఒకరు, డిజైనే మొత్తం మారిపోతుందని ఇంకొకరు. ఇప్పుడు కొంటే రెండు నెలలకే పాతదైపోతుందని ఒక టెన్షన్, ఆగితే ఈలోపే ఇది చేతులెత్తేస్తుందని ఇంకో టెన్షన్. అన్నట్టు వాల్యూమ్ బటన్ల వైపు స్క్రీన్ అంచు కాస్త లేచినట్టుంది, కవర్ వేస్తే కనపడదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు. ఏం చేయమంటారు?

జవాబు 1:
రెండు నెలలేగా, ఆగండి. 2012లో ఐఫోన్ 5 దగ్గర్నుంచి కొత్త సిరీస్ దాదాపు ప్రతి ఏడూ సెప్టెంబర్‌లోనే వస్తోంది, 2020లో మాత్రం అక్టోబర్‌కి జరిగింది. కాబట్టి వచ్చే టైమ్ నమ్మొచ్చు, ఫీచర్ల సంగతే నమ్మలేం. ఎయిర్‌పవర్ ఛార్జింగ్ మ్యాట్‌ని 2017లో యాపిల్ వాళ్లే స్టేజీ మీద చూపించి 2019లో రద్దు చేసేశారు. కంపెనీ నోటితో చెప్పిందే రానప్పుడు ఎవరో లీక్ అన్నదానికి గ్యారంటీ ఏముంటుంది? పైగా కొత్తది వచ్చాక దాన్నే కొనక్కర్లేదు, దాని ముందు మోడల్ రేటు దిగుతుంది, అది తీసుకోండి.

జవాబు 2:
అందరం రూమర్ల గురించే మాట్లాడుతున్నాం గానీ, ఆ స్క్రీన్ అంచు సంగతి చూడండి ముందు! అది చాలావరకు బ్యాటరీ ఉబ్బడమే అయ్యుంటుంది. లిథియం అయాన్ బ్యాటరీ పాడైతే లోపల గ్యాస్ చేరి పొంగుతుంది, ఆ ఒత్తిడికి స్క్రీన్ జిగురు వదిలేసి పైకి లేస్తుంది. నా పాత ఫోన్‌కి ఇలాగే అయింది. ఒక రాత్రి లైట్లు ఆపేస్తే అంచు సందులోంచి సన్నటి వెలుగు గీత కనిపించింది, రిపేర్ చేసేవాళ్లు విప్పితే బ్యాటరీ చిన్న దిండులా ఉబ్బిపోయి ఉంది. దయచేసి ఛార్జింగ్ పెట్టకండి, లేచిన అంచుని వేలితో నొక్కి సర్దకండి, తలగడ పక్కన అసలే పెట్టుకోకండి. ఉన్న ఛార్జింగ్‌లోనే ముఖ్యమైనవి బ్యాకప్ తీసి, ఆఫ్ చేసి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. ఇలాంటిదాన్ని పెట్టుకుని రెండు నెలలు ఆగడం కుదరదండీ.

జవాబు 3:
పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. కాకపోతే బ్యాటరీ మార్చాక స్క్రీన్ బాగానే ఉంటే ఫోన్‌కి ఇంకా ఆయుష్షు ఉంది. 2025లో ఐఫోన్ల కొత్త సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26, మీదానికంటే ముందొచ్చిన ఐఫోన్ ఎక్స్‌ఆర్‌కి రాలేదు గానీ 11కి వచ్చింది. 30 శాతం దగ్గర ఆఫ్ అవడం కూడా ముసలి బ్యాటరీ వల్లే కావచ్చు, ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగితే అలాంటి బ్యాటరీ అంత ఇవ్వలేకపోతుంది. కొత్త బ్యాటరీ వేసుకుంటే సెప్టెంబర్ దాకా నిదానంగా ఆలోచించుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే కవర్ తీసి గది చీకటి చేసి చూశాను. వాల్యూమ్ బటన్ల పొడవునా వెలుగు గీత ఉంది, నిన్న రాత్రంతా దీన్ని మంచం పక్కనే ఛార్జింగ్ పెట్టి పడుకున్నాను. ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ఆఫ్ చేసేశాను, రేపు పొద్దున్నే తీసుకెళ్తా. బ్యాటరీతో సరిపోతే సెప్టెంబర్ దాకా ఆగుతా, స్క్రీన్ కూడా పోయిందంటే రేపే వేరేది కొనేస్తా. చాలా థ్యాంక్స్ అండీ.