ఓడ ఎక్కని ఆమెది యుద్ధసేవేనా?

పాతపటం:
రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళానికి వాతావరణ శాస్త్రవేత్తగా పనిచేసిన ఫ్లోరెన్స్ వాన్ స్ట్రాటెన్ గురించి మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. 1913లో కనెక్టికట్‌లో పుట్టారు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో 1939లో రసాయన శాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. 1942లో నౌకాదళ మహిళా విభాగం ‘వేవ్స్’లో చేరితే, మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి. విద్యాసంస్థకు పంపి వాతావరణ శాస్త్రం చదివించారు. ఆ తర్వాత ఆఫీసు పనే. పసిఫిక్‌లో పోరాడినవాళ్లనూ బల్ల ముందు పటాలు చూసినవాళ్లనూ ఒకే గాటన కట్టకూడదని మా అన్నయ్య. కట్టాలని నేను. మీరేమంటారు?

లంగరు:
మీ అన్నయ్యదే సబబు. ఆమె తెలివిని తక్కువ చేయడం లేదు. కానీ ప్రాణభయం లేని పని కూడా యుద్ధసేవే అయితే, సైన్యానికి బూట్లు కుట్టినవాడిదీ యుద్ధసేవే.

ఉప్పుగాలి:
బూట్ల పోలిక కుదరదు లంగరు గారూ. జరిగిన పోరాటాల్లో వాతావరణం ఎవరికి ఎలా కలిసొచ్చిందో విడదీసి చూడటం ఆమె పని. ఉదాహరణకు, చల్లగాలి వేడిగాలిని నెట్టుకొచ్చే చోట మేఘాలూ వానా బారులు తీరి కదులుతుంటాయి. విమానవాహక నౌకలు ఆ ముసుగులోనే, దాని వేగంతోనే నడిస్తే శత్రువు గస్తీ విమానాలకు దొరకవు. దాడికి మాత్రం మేఘాల అంచు దాటించి, తేట ఆకాశంలోకి విమానాలను వదలవచ్చు. లెక్క కొన్ని గంటలు తప్పిందా, నౌకలన్నీ ఎండలో నిలబడతాయి.

పైగా ఓడ ఎక్కడం ఆమె చేతిలో ఉందా? 1942 చట్టం వేవ్స్ మహిళలను అమెరికా ప్రధాన భూభాగం దాటనివ్వలేదు. 1944లో సడలించి హవాయి, అలాస్కాలకు వెళ్లనిచ్చారు కానీ యుద్ధనౌక ఎక్కనివ్వలేదు. గడప దాటనివ్వకుండా ‘నువ్వు ఊరు చూడలేదు’ అన్నట్టుంది.

మాది విశాఖ. తుపాను వేళ రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. ఆ నంబరు తేల్చినవాడు ఒడ్డునే ఉంటాడు. చేపల వేటకు వెళ్లాలా వద్దా అన్నది మాత్రం జాలర్లు అది చూసే నిర్ణయించుకుంటారు.

లంగరు:
చట్టం సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ 1944 డిసెంబరు 18 గుర్తు చేసుకోండి. ఫిలిప్పీన్స్ తూర్పున అమెరికా అడ్మిరల్ హాల్సీ నౌకలు తుపానులో చిక్కుకున్నాయి. హల్, స్పెన్స్, మొనాగన్ అనే మూడు డిస్ట్రాయర్ యుద్ధనౌకలు మునిగి, సుమారు 790 మంది పోయారు. సముద్రంలో ఉండటమంటే అది.

ఉప్పుగాలి:
హాల్సీ వాతావరణ అధికారి కాస్కో ఆయన ఓడలోనే ఉన్నాడుగా! ఓడలో ఉన్నా అంచనా నిలబడలేదు. అయినా మునిగిపోయినవాళ్లతో ఆమె సమానమని ఎవరన్నారు? యుద్ధసేవా కాదా అన్నదే ప్రశ్న.

చినుకు:
మధ్యలో ఒక మాట. యుద్ధం తర్వాత కూడా ఆమె నౌకాదళం కోసమే పనిచేశారు. 1958లో అమెరికాలోని జార్జియా తీరంలో విమానం నుంచి మేఘాల మీద మసి చల్లించారు. మసి ఎండను పీల్చుకుని వేడెక్కితే నీటి తుంపరలు ఆవిరవుతాయని ఊహ. మేఘాలు నిమిషాల్లో చెదిరాయి. నాకైతే పూర్తి నమ్మకం లేదు, చిన్న మేఘాలు వాటంతటవే విడిపోతుంటాయి కదా.

పాతపటం:
ఇదంతా అన్నయ్యకు చదివి వినిపించాను. ‘అయితే కాస్కోది యుద్ధసేవేనా?’ అంటే ‘అవును’ అన్నాడు. ‘పని ఒకటే కదా, మరి ఈమెది?’ అంటే ‘అది వేరు’ అన్నాడు. ఎలా వేరో భోజనం అయ్యాక చెబుతాడట.