నిమోడిపైన్ వేశాక రక్తపోటు పడిపోతోంది, రాత్రిపూట ఏం చేయాలి?

నాన్నగారికి మెదడులో రక్తనాళపు బుడగ పగిలి రక్తస్రావమైంది. వేలూరులో క్లిప్ వేసి పంపారు, ఇప్పుడు తిరుపతిలో ఇంట్లోనే ఉన్నారు. నాళాలు కుంచించుకుపోయి మెదడుకు నష్టం జరగకుండా నిమోడిపైన్ 60 మిల్లీగ్రాములు 4 గంటలకోసారి, మొత్తం 21 రోజులు వాడమన్నారు.

మాత్ర వేసిన గంటలోపే రక్తపోటు 130/80 నుంచి 95/60కి దిగి కళ్లు తిరుగుతున్నాయి. పాత బీపీ మాత్రను డాక్టరుగారే ఆపించారు. నీళ్లు, మజ్జిగ చెప్పినంతా ఇస్తున్నాం. తర్వాత ఆయనే మోతాదును 30 చొప్పున 2 గంటలకోసారికి మార్చారు. పగలు నయం. తెల్లవారుజామున 2 గంటల మాత్రకు మాత్రం మళ్లీ అదే తంతు. ఈ సంగతీ ఆయనకు ఫోనులో చెప్పాం, జవాబు రావాలి. మధ్యలో మానే ఉద్దేశం లేదు, ఆ సలహా దయచేసి వద్దు.

ఇలా 30 చొప్పున వాడినవారికి రాత్రి రక్తపోటు నిలబడటానికి మీ వైద్యులు ఇంకేం మార్పు చేశారు?